సముద్రంలో ఒలికిన చమురు ఎంత? నల్లగొండ మిద్దె మీద ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు చివరి వారం

సముద్రం మీద చమురు తెట్టు కనిపించినప్పుడు, ఆ తెట్టును చూసి గానీ, చమురు ఉబుకుతున్న చోటును చూసి గానీ, ఒలికింది ఎంతో చెప్పడానికి ఏ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో మా చేతులతో కొలిచి తెలుసుకోవడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. పని చేసేది నేను, నా దగ్గర భౌతికశాస్త్రం చదువుతున్న ఇద్దరు డిగ్రీ విద్యార్థులు. నల్లగొండ నుంచి సముద్రాన్ని చూడాలంటే విజయవాడ దాటి మచిలీపట్నం దాకా పోవాలి. అయినా భారత సముద్రాల్లో చమురు ఒలికితే అది ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టి సూచనలిచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదులోనే ఉంది. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే ఎన్‌ఆర్‌ఎస్‌సి కేంద్రం పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో ఉంది. తీరం లేని జిల్లాలో ఈ పని పెట్టుకోవడం వింతేమీ కాదని విద్యార్థులకు ముందుగానే చెప్పాను.

మాకు దారి చూపే ఉదాహరణగా మకాండో అనే సముద్రగర్భ చమురు బావిని ఎంచుకున్నాం. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో దాన్ని తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. రెండు రోజుల తర్వాత రిగ్గు మునిగిపోయింది. సుమారు 1,500 మీటర్ల లోతున బావి నుంచి కారుతున్న చమురు రోజుకు 1,000 బ్యారెళ్లని (బ్యారెలు అంటే సుమారు 159 లీటర్లు) మొదట ప్రకటించారు. ఏప్రిల్ 28న ఆ అంకె 5,000 అయింది. మే నెలాఖరుకు అమెరికా ప్రభుత్వం నియమించిన ప్రవాహ కొలత బృందం 12,000 నుంచి 19,000 అన్నది; జూన్ మధ్యలో 35,000 నుంచి 60,000 అన్నది. చివరకు ఆగస్టు 2న, మొదట్లో రోజుకు 62,000, మూసే నాటికి 53,000, మొత్తం కలిపి 49 లక్షల బ్యారెళ్లు, అటూ ఇటూ 10 శాతం తేడాతో అని తేల్చింది. ఆ నెలల్లో బావి నుంచి వచ్చే ప్రవాహం క్రమంగా తగ్గుతూ వచ్చిందే తప్ప పెరగలేదు. మరి అంకె అరవై రెట్లు ఎందుకు పెరిగిందన్నదే మేము విప్పుకోవలసిన ముడి.

డిసెంబరు

తెట్టు పరిమాణమంటే వైశాల్యాన్ని మందంతో గుణించగా వచ్చేదే. వైశాల్యాన్ని విమానం నుంచో ఉపగ్రహం నుంచో చూసి గీసుకోవచ్చు. మందం అలా దొరకదు. చాలా సందర్భాల్లో రంగును బట్టి అంచనా వేయవలసిందే. ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలు బాన్ ఒప్పందం కింద ఇందుకోసం ఒక రంగుల సూచికను ఖాయం చేసుకున్నాయి. వెండి మెరుపులా కనిపిస్తే మందం 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇంద్రధనుస్సు రంగులైతే 0.3 నుంచి 5. లోహపు మెరుపైతే 5 నుంచి 50. చమురు అసలు రంగు ముక్కలు ముక్కలుగా కనిపిస్తే 50 నుంచి 200. ఎడతెగకుండా కనిపిస్తే 200 మైక్రాన్లకు పైన. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మైక్రాను పొర అంటే సరిగ్గా 1,000 లీటర్లు, అంటే ఆరు బ్యారెళ్ల కంటే కొంచెం ఎక్కువ. ఈ ఒక్క గుణకారం కంఠస్థం చేసుకుంటే పత్రికల్లో వచ్చే తెట్టు వార్తలను ఎవరైనా అక్కడికక్కడే తూచి చూడవచ్చు.

పానగల్లు ఉదయ సముద్రం చెరువులో ఒక చెంచా నూనె పోసి చూద్దామా అని విద్యార్థి అడిగాడు. అవి ఊరు తాగే నీళ్లు కాబట్టి ఆ మాటే వద్దన్నాను. నిజానికి ఆ ప్రయోగానికి పెద్ద చరిత్రే ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లోని క్లాఫమ్ కామన్ చెరువులో ఒక చెంచాడు నూనె పోస్తే అది అర ఎకరం, మన లెక్కలో ఇరవై గుంటల మేర పరుచుకుని అలలను అణిచివేసిందని 1774లో రాశాడు. ఆ వైశాల్యంతో చెంచా నూనెను భాగిస్తే పొర మందం రెండు మూడు నానోమీటర్లకు (నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు) వస్తుంది. బాన్ సూచికలోని అతి పలుచని పొర కంటే కూడా అది పది రెట్లకు మించి పలుచన. ఆ నూనె నీటిని అంటిపెట్టుకుని ఒకే అణువు మందాన పరుచుకునే రకం. ముడిచమురు, డీజిల్ అంతగా పరుచుకోవు కాబట్టి ఫ్రాంక్లిన్ లెక్కను సముద్రానికి నేరుగా వర్తింపజేయకూడదు.

మిద్దె మీద ఇటుకలు పేర్చి, నల్ల టార్పాలిన్ పరిచి, మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు తొట్టి కట్టాం. నూనె కోసం బైపాస్ రోడ్డు మీది మెకానిక్ షెడ్డుకు వెళితే, కాలిన ఇంజిన్ ఆయిల్‌ను డబ్బాలో పోస్తూ అతను అన్న మాట ఇక్కడ రాసి పెట్టదగ్గది: "గీ రంగులు సూసెతందుకు గంత తొట్టి ఎందుకు సార్? వాన పడ్డప్పుడు మా షెడ్డు ముంగటికి రాండ్రి, ఒక్క సుక్కకే మడుగంత రంగులయితది." రంగు విస్తారంగా ఉన్నంత మాత్రాన నూనె ఎక్కువున్నట్టు కాదన్న సంగతి అతనికి మాకంటే ముందే తెలుసు.

ప్రయోగ విధానం ఇది. ఒక విద్యార్థి సిరంజితో కొలిచిన డీజిల్ తొట్టిలో పోసి, ఎంత పోసిందీ కాగితం మీద రాసి కవరులో పెడతాడు. రెండో విద్యార్థిని తొట్టి దగ్గరికి రాకుండా, ఫోటోలు మాత్రమే చూసి, బాన్ సూచిక ప్రకారం ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం రాస్తుంది. ఒకసారి తొట్టి నిండా ఇంద్రధనుస్సు రంగులు కనిపించాయి, ఆమె 1.8 మిల్లీలీటర్ల నుంచి 30 మిల్లీలీటర్ల వరకు అని రాసింది. కవరులో 10 ఉంది. అంచనా తప్పు కాదు, కానీ పదిహేడు రెట్ల వెడల్పున్న అంచనా అది. ఒకే అంకె చెప్పమంటే ఆమె కనిష్ఠ గరిష్ఠాల మామూలు సగటు తీయకుండా, రెండింటినీ గుణించి వర్గమూలం తీసుకుని 7.3 అని చెప్పింది. రెట్లలో మారే రాశికి అదే సరైన పద్ధతి.

కాలిన ఇంజిన్ ఆయిల్‌తో వ్యవహారం పూర్తిగా మారిపోయింది. మధ్యాహ్నం గాలి లేచాక ఆ నల్లని నూనె అంతా తొట్టి ఒక అంచుకు చేరి, మొత్తం వైశాల్యంలో పదో వంతు కూడా లేని చోట గుమిగూడింది. మిగతా తొట్టి అంతా పలుచని మెరుపే. ఫోటోలో కంటికి కొట్టొచ్చేది ఆ మెరుపే గానీ, నూనెలో అత్యధిక భాగం ఉన్నది ఆ నల్లని అంచులోనే. పైగా సూచికలోని చివరి మెట్టుకు పైహద్దు లేదు: మూడో వంతు మిల్లీమీటరు పొర, రెండు మిల్లీమీటర్ల పొర ఒకేలా నల్లగా కనిపిస్తాయి. అంటే ఎక్కువ నూనె ఉన్న చోటే ఈ పద్ధతి "ఇంతకు తక్కువ కాదు" అని మాత్రమే చెప్పగలుగుతుంది. నా దృష్టిలో డిసెంబరు నెల మొత్తంలో దొరికిన ముఖ్యమైన ఫలితం ఇదే. నూనెను ఊకతో పీల్చి మళ్లీ షెడ్డు డ్రమ్ములోకే చేర్చాం.

జనవరి

ఉపగ్రహ రాడార్ వంతు. ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని విప్పి చూసే స్నాప్ అనే సాఫ్ట్‌వేరులో చమురు మరకలను వెతికే పరికరం కూడా ఉంది. ఈ రాడార్ తరంగదైర్ఘ్యం ఐదున్నర సెంటీమీటర్లు. సముద్రం మీద దాదాపు అంతే పొడవుండే చిరు అలలు దాన్ని వెనక్కి చెదరగొడతాయి. చమురు ఆ చిరు అలలను అణిచివేస్తుంది కాబట్టి తెట్టు ఉన్న చోటు చిత్రంలో నల్లగా పడుతుంది. రాత్రీ మబ్బూ దీనికి అడ్డు కాదు. అయితే గాలి సెకనుకు రెండు మూడు మీటర్ల కంటే తక్కువైతే సముద్రమంతా నల్లగానే ఉంటుంది; పది పన్నెండు మీటర్లు దాటితే చమురు నీటిలో కలిసిపోయి గుర్తుపట్టరాకుండా పోతుంది. వాన జల్లులు, నీటిలోని జీవులు వదిలే జిడ్డు కూడా అచ్చం చమురులాగే కనిపిస్తాయి. అన్నిటికంటే పెద్ద పరిమితి, ఈ నలుపులో మందం గురించిన సమాచారం దాదాపు లేకపోవడం.

సాధన కోసం మెక్సికో సింధుశాఖలోని ఎంసీ-20 అనే చోటును తీసుకున్నాం. 2004లో ఇవాన్ తుపాను ధాటికి అక్కడ టేలర్ ఎనర్జీ సంస్థకు చెందిన చమురు వేదిక కూలిపోయింది. ఏళ్ల తరబడి చమురు కారుతూనే ఉంది. మిసిసిపి నది ముఖద్వారానికి దగ్గర కాబట్టి ప్రవాహాన్ని బట్టి తెట్టు పొడవుగా, సన్నగా సాగుతుంది. 2019లో చమురును పట్టుకునే పరికరం బిగించకముందరి చిత్రాలే చూశాం. ఇద్దరు విద్యార్థులూ ఒకే చిత్రంలో విడివిడిగా హద్దు గీస్తే, చిక్కగా ఉన్న మొదట్లో గీతలు కలిశాయి, ఈకలా విడిపోయిన కొసలో కలవలేదు. దీనికి పరిష్కారంగా ఎవరి గీత సరైనదో తేల్చే ప్రయత్నం చేయకుండా, రెండు వైశాల్యాలనూ ఉంచుకుని ముందుకు సాగాం.

ఇక్కడ ఒక కొత్త చిక్కు ఎదురైంది. చిత్రం చూపేది ఆ క్షణాన నీటి మీద ఉన్న చమురును మాత్రమే. మనకు కావలసింది రోజుకు ఎంత కారుతోందన్న సంగతి. కుండీలో ఉన్న నీళ్లను చూసి నల్లా ఎంత తిప్పారో చెప్పమన్నట్టే ఇది. నీళ్లు కుండీలో ఎంతసేపటి నుంచి ఉన్నాయో తెలిస్తేనే చెప్పగలం. ఆ లెక్కను ఒక ఊహా తెట్టుతో నల్లబల్ల మీద చేసి చూశాం. తెట్టు పొడవు 12 కిలోమీటర్లు, వైశాల్యం 6 చదరపు కిలోమీటర్లు, నీటి వేగం సెకనుకు పావు మీటరు అనుకుందాం. కొసన ఉన్న చమురు బయలుదేరి 48,000 సెకన్లు, అంటే పదమూడు గంటలు దాటింది. తెట్టంతా వెండి మెరుపే అనుకుంటే చమురు ఒకటిన్నర నుంచి 11 బ్యారెళ్లు. రోజు లెక్కకు మారిస్తే సుమారు 2.7 నుంచి 20. ఇంద్రధనుస్సు పొర అనుకుంటే రోజుకు 20 నుంచి 340. నీటి వేగం రెట్టింపు అనుకుంటే ఈ అంకెలన్నీ రెట్టింపవుతాయి. వైశాల్యం గీయడంలో వచ్చే తేడా వీటి ముందు లెక్కలోకే రాదు.

ఎంసీ-20 విషయంలో సంస్థ చాలాకాలం రోజుకు కొన్ని గ్యాలన్లే కారుతున్నాయని వాదించింది. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలు 2019లో రోజుకు 9 నుంచి 108 బ్యారెళ్లని లెక్క తేల్చారు. బ్యారెలుకు 42 గ్యాలన్లు. మా ఊహా తెట్టును అతి పలుచని పొరగా తీసుకున్నా రోజుకు వంద గ్యాలన్లు దాటుతుంది. కిలోమీటర్ల పొడవున సాగి, ఎప్పటికప్పుడు తాజాగా నిండే తెట్టును "కొన్ని గ్యాలన్ల"తో నిలబెట్టడం గుణకారానికే పొసగదు. పైహద్దు చెప్పలేని పద్ధతి కూడా అబద్ధపు కిందిహద్దును పట్టిస్తుందన్నమాట.

మకాండో విషయంలోనూ ఇదే జరిగింది. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయన్ మెక్‌డొనాల్డ్, తీర రక్షక దళం విమానం నుంచి గీసిన పటాన్ని, బాన్ సూచికను కలిపి 2010 మే 1 నాటికి రోజుకు 26,500 బ్యారెళ్లని లెక్కగట్టాడు. అప్పటి అధికారిక అంకెకు అది ఐదు రెట్లు. చివరికి తేలిన దానిలో సగం కూడా కాదు. మిగిలింది ఎక్కడికి పోయిందన్నదానికి జవాబులు చాలానే ఉన్నాయి. తేలిక రకం ముడిచమురులో పెద్ద భాగం మొదటి రోజుల్లోనే ఆవిరైపోతుంది. కొంత పైకే రాకుండా వెయ్యి మీటర్లకు పైబడిన లోతులో సన్నని తుంపరగా అడ్డంగా పరుచుకుంది. చమురును చిన్న బిందువులుగా విడగొట్టే రసాయనాలు అక్కడ మొత్తం 18.4 లక్షల గ్యాలన్లు వాడగా, అందులో 7.71 లక్షల గ్యాలన్లను నేరుగా బావి మూతి దగ్గరే వదిలారు.

ఫిబ్రవరి

పై నుంచి చూడడం చాలించి మూలం దగ్గరికి దిగాం. మకాండో విరిగిన గొట్టం నుంచి చమురు ఉబుకుతున్న వీడియో మే 12న బయటికి వచ్చింది. పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని స్టీవ్ వేర్లీ ఆ వీడియోలోని సుడులు ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు ఎంత జరిగాయో కంప్యూటరుతో కొలిచి, రోజుకు 70,000 బ్యారెళ్లు, అటూ ఇటూ 20 శాతం అన్నాడు. అప్పటికి ప్రభుత్వం ఇంకా 5,000 దగ్గరే ఉంది.

మా నమూనాకు బత్తాయి తోటలో మిగిలిన డ్రిప్ పైపు, పిట్టగోడ మీద పెట్టిన డబ్బాడు పల్లీ నూనె, కింద ఒక అక్వేరియం తొట్టి సరిపోయాయి. పైపు లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు. డబ్బాలో నూనె తగ్గే తీరును బట్టి అసలు ప్రవాహం సెకనుకు 22 మిల్లీలీటర్లు, అంటే సగటు వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో వీడియో తీసి, నూనెలో కలిపిన పసుపు రేణువులను ఒక్కొక్కటిగా వెంబడించాం. స్కేలును అద్దానికి బయట అంటించకుండా, నీటిలోనే పైపు పక్కన నిలబెట్టాం. అలా చేయకపోతే నీటి వక్రీభవనం కొలతను పాడుచేస్తుంది. నూనె పైకి లేచేకొద్దీ వేగం మారుతుంది కాబట్టి పైపు మూతిని ఆనుకుని ఉన్న భాగాన్నే తీసుకున్నాం.

ధార మధ్యలోని రేణువులు సెకనుకు 38 సెంటీమీటర్ల దాకా పరుగెత్తాయి. అంచు రేణువులు నత్తనడక నడిచాయి. పల్లీ నూనె చిక్కన, పైపు సన్నం, కాబట్టి ధార పొరలు పొరలుగా సాగుతుంది. అలాంటి ప్రవాహంలో నట్టనడిమి వేగం సగటుకు రెట్టింపు ఉంటుందని పాఠ్యపుస్తకమే చెబుతుంది. మధ్య రేణువులనే పట్టుకుంటే నూనె రెండింతలుగా తేలుతుంది. అంచువే పట్టుకుంటే సగానికి సగం పోతుంది. మకాండోలో ప్రవాహం సుడులు తిరిగేది కాబట్టి అక్కడి నిష్పత్తులు వేరు. పైగా చిక్కని చమురు లోపలి భాగాన్ని కనబడనివ్వదు, కెమెరాకు దొరికేది బయటి అంచే. వీడియో నుంచి తీసిన ఏ అంకెనైనా చూసినప్పుడు మొదట అడగవలసింది కొలిచినవారు ఏ వేగాన్ని పట్టుకున్నారు, దాన్ని సగటుగా ఎలా మార్చారు అన్నదే.

తర్వాత అక్వేరియం గాలి పంపును టీ-జాయింటుతో పైపుకు కలిపాం. ధార ఉబ్బింది, వేగం పెరిగింది, చూడడానికి నూనె రెట్టింపు పోతున్నట్టు కనిపించింది. డబ్బాలో మాత్రం నూనె పెరిగిన వేగంతో తగ్గలేదు. గాలి కూడా ఒకే తీరుగా రాలేదు. కొన్ని క్షణాలు బుడగల గుంపు, మరికొన్ని క్షణాలు ఒట్టి నూనె. అర నిమిషం ముక్క మాత్రమే చేతిలో ఉంటే ఆ ముక్క ఏ దశలో తీసిందన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మకాండోలో బయటికి వచ్చిన మిశ్రమంలో, సముద్రపు అడుగున ఉండే ఒత్తిడి దగ్గర, చమురు వాటా ఘనపరిమాణంలో సుమారు 40 శాతమే, మిగిలింది వాయువు. గొట్టం లోపలి వ్యాసం అర మీటరుకు కాస్త తక్కువ. మిశ్రమం సెకనుకు ఒక మీటరు వేగంతో వచ్చిందనుకుంటే రోజుకు దాదాపు 1,04,000 బ్యారెళ్లు; 40 శాతం తీసుకుంటే 42,000. వాయువు సంగతి వదిలేస్తే అంకె రెండున్నర రెట్లు పెరుగుతుంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ పరిశోధకులు అందుకే కెమెరాను నమ్ముకోకుండా ధ్వని తరంగాలతో ధార వేగాన్ని, వెడల్పును కొలిచి, విడిగా బావి మూతి దగ్గరే నమూనా పట్టి వాయువు వాటాను నిర్ణయించారు. వారి లెక్క రోజుకు 59,000 బ్యారెళ్లకు వచ్చింది.

మార్చి

ఎండలు ముదిరేలోపు నీరు కలిసిన చమురు సంగతి చూడాలనుకున్నాం. అలలు చిలికేకొద్దీ ముడిచమురు నీటిని తనలో ఇముడ్చుకుని గోధుమరంగు ముద్దగా మారుతుంది. అందులో నీరు 70, 80 శాతం దాకా ఉండవచ్చు. పాత మిక్సీ జారులో 100 మిల్లీలీటర్ల కాలిన ఇంజిన్ ఆయిల్, మూడింతల ఉప్పునీళ్లు పోసి తిప్పితే జారు నిండా ముద్దే. ఇంట్లో ఆ జారుకు ఇక వంటగదిలో ప్రవేశం లేదు. తీరాన "ఇన్ని టన్నుల చమురు ఎత్తాం" అని వచ్చే అంకెలకు నేను ఇప్పుడు ఇచ్చే విలువ చాలా తక్కువ: ఎత్తిన దానిలో నీళ్లెంత, ఇసుకెంత అని విడదీసి చెప్పకపోతే అది కూలీల శ్రమకు లెక్క అవుతుంది గానీ చమురుకు కాదు. ఆకాశం నుంచి చూసినా ఇదే చిక్కు. ముద్ద మందాన్ని కొలవగలిగినా, అందులో నాలుగో వంతే చమురు కావచ్చు.

ఏప్రిల్

ఇక్కడికి వచ్చేసరికి ఎవరి అంకె ఎందుకు అలా ఉందన్నది విద్యార్థులకు తేటపడింది. "ఇన్ని లెక్కలెందుకు సార్, మూత బిగించినప్పుడే కొలిస్తే సరిపోయేది కదా" అని విద్యార్థిని అడిగిన ప్రశ్న సరైనదే. మకాండో బావికి బిగించిన కొత్త మూతను జులై 15న దశలవారీగా మూస్తూ ఒత్తిడిని కొలవడం వల్లనే 53,000 అన్న అంకె దొరికింది. వెనక్కి లెక్కించి మొదటి రోజుల 62,000 తీసుకున్నారు. ఒత్తిడి కొలత అన్నిటికంటే నమ్మదగినదే, కానీ అది 87 రోజుల తర్వాత గానీ చేతికి రాలేదు. అంతవరకు తెట్టు, వీడియో, ధ్వని తరంగాలు తప్ప గతి లేదు.

అంకెకు డబ్బు ముడిపడి ఉండడం కూడా మరువరాదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం జరిమానా బ్యారెలుకు 1,100 డాలర్ల వరకు ఉండేది. ఘోర నిర్లక్ష్యం రుజువైతే 4,300 డాలర్ల వరకు. బావి దగ్గరే పట్టుకున్నది పోగా నీటిలో కలిసింది 41.9 లక్షల బ్యారెళ్లని కోర్టులో ప్రభుత్వం అంది, బావిని తవ్వించిన బీపీ సంస్థ 24.5 లక్షలంది. 2015 జనవరిలో న్యాయమూర్తి కార్ల్ బార్బియర్ 31.9 లక్షలని తీర్పు చెప్పారు. ప్రభుత్వ అంకెకూ తీర్పుకూ మధ్య ఉన్న పది లక్షల బ్యారెళ్ల విలువే, గరిష్ఠ రేటున, 430 కోట్ల డాలర్లు. చమురు ఒలికించినవారి చేతికే కొలబద్ద ఇవ్వకూడదనడానికి ఇంతకంటే వేరే వాదన నాకు అవసరం అనిపించదు.

ఇక మిగిలిన పని ఒకటుంది. ఇప్పటిదాకా తొట్టి, ధార విడివిడిగా చేశాం. వచ్చే నెలలో పైపు మూతిని పెద్ద తొట్టి అడుగున బిగించి, ఒకే ప్రవాహాన్ని ఒక విద్యార్థి పై నుంచి రంగును బట్టి, మరొకరు పక్క నుంచి వేగాన్ని బట్టి, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా అంచనా వేస్తారు. డబ్బా తగ్గుదల నా దగ్గర ఉంటుంది. ఇద్దరి కనిష్ఠ గరిష్ఠాలు ఎక్కడ కలుస్తాయో, అసలు ప్రవాహం ఆ కలిసిన భాగంలో పడుతుందో లేదో చూడాలి. పక్క గోడలు పారదర్శకంగా ఉండాలి కాబట్టి టార్పాలిన్ పనికిరాదు. మిర్యాలగూడ రోడ్డులోని అద్దాల దుకాణంలో ఒక పక్కకు పది మిల్లీమీటర్ల అద్దం ధర అడిగి వచ్చాం. మూడు పక్కలకు ఇటుక, ఒక పక్కకే అద్దం అయితే ఖర్చు మా చేతిలో ఉంటుంది.